ఏడున్నర శాతానికి అందుతున్నదేమిటి? భూభారతి సేవలపై ఒక సమీక్ష

తెలంగాణలో వ్యవసాయ భూమి కొన్నవారు దాని విలువలో ఏడున్నర శాతం ప్రభుత్వానికి కట్టాలి. స్టాంపు డ్యూటీ 5.5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 శాతం; 2021 జూలై నుంచి ఇదే రేటు. మ్యుటేషన్‌కు (రికార్డులో పేరు మార్పిడికి) ఎకరానికి 2,500 రూపాయలు, పట్టాదారు పాసుపుస్తకానికి 300 రూపాయలు దీనికి అదనం. ఇరవై లక్షల పొలానికి లక్షన్నర పైమాటే. ప్రభుత్వ భూమి రికార్డుల పోర్టల్ అయిన భూభారతి ద్వారా సామాన్య రైతు కుటుంబం జన్మలో ఒక్కసారి కొనే సేవ ఇది. ఇంత ధర పెట్టి కొనే సేవ ఆ ఇంటికి మరొకటి ఉండదు. అయినా హోటల్ బిర్యానీకి రేటింగు చుక్కలు లెక్కపెట్టి వేసే మనం దీన్ని మాత్రం సర్కారు పని అని వదిలేస్తాము. హనుమకొండ జిల్లాలోని ఒక మండల కార్యాలయంలో మా కుటుంబానికి రెండు పనులు పడ్డాయి. ఒకటి నాన్నగారి పేరున ఉన్న భూమికి విరాసత్ (వారసుల పేర్లు ఎక్కించడం), రెండోది పక్క చెలక కొనుగోలు. ఆ అనుభవంతోనూ, చాలా ఏళ్లు ఆర్థికశాస్త్రం బోధించిన అలవాటుతోనూ ఈ సమీక్ష రాస్తున్నాను.

మంచి సంగతులు ముందు చెప్పాలి. కొనుగోలు పని ఊహించిన దానికన్నా సులువుగా జరిగిపోయింది. మీసేవలో స్లాటు బుక్ చేసుకుని, చలానా కట్టి, ఇద్దరు సాక్షులతో వెళితే తహసీల్దారే జాయింట్ సబ్‌రిజిస్ట్రారు హోదాలో దస్తావేజు రిజిస్టరు చేసి, అదే కూర్చున్న చోట మ్యుటేషన్ కూడా పూర్తి చేస్తారు. అమ్మిన పెద్దాయన వేళ్లు పత్తి ఏరీ ఏరీ అరిగిపోయి యంత్రానికి ముద్ర పడలేదు. ఆపరేటరు విసుక్కోకుండా తడిగుడ్డతో బొటనవేలు తుడిపించి, ఒక్కో వేలూ మార్చి చూసి, చివరికి ముద్ర పట్టించుకున్నాడు. "పెద్దయ్యా, గట్టిగ ఒత్తకు, ఊకె పెట్టు సాలు" అంటూ పని కానిచ్చిన ఆ కుర్రాడి ఓపికకు నా వైపు నుంచి పూర్తి మార్కులు. ఒకప్పుడు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు చేయించుకుని, ఆ కాగితం పట్టుకుని మ్యుటేషన్ కోసం పట్వారీ దగ్గరికీ, ఆ తర్వాతి కాలంలో వీఆర్‌వో దగ్గరికీ చెప్పులరిగేలా తిరిగినవారికి ఈ మార్పు విలువ వేరే చెప్పనక్కరలేదు. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టల్ మొదలైనప్పుడు వచ్చిన సౌకర్యం ఇది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలో వచ్చిన భూభారతి దీన్ని చెడగొట్టకుండా నిలబెట్టుకుంది.

అయితే హక్కును బదిలీ చేయడం ఒక పని, హక్కును కాపాడటం వేరే పని. ఏడున్నర శాతం తీసుకునే సేవ మొదటి పనిలో ఎంత చురుకో రెండో పనిలో అంత మందకొడి.

ఆ మాట ఎందుకంటున్నానో విరాసత్ పని చెబుతుంది. నాన్నగారి పాత పాసుపుస్తకంలో విస్తీర్ణం 3 ఎకరాల 12 గుంటలు. 2017లో భూరికార్డుల ప్రక్షాళన జరిగాక 2018లో వచ్చిన కొత్త పుస్తకంలో అది 3 ఎకరాల 4 గుంటలైంది. ఎనిమిది గుంటలు ఎక్కడికి పోయాయని అప్పట్లో అడిగితే ఆఫీసులో "తర్వాత సరిచేస్తం" అన్నారట. రైతుబంధు పైసలు బ్యాంకులో పడుతున్నాయి కదా, చూద్దాంలే అని నాన్నగారూ ఊరుకున్నారు. ఆయన పోయాక వారసుల పేర్లు ఎక్కించే సమయానికి ఆ ఎనిమిది గుంటలు గుర్తుకొచ్చాయి. పొలం గట్లు మారలేదు, మోకా మీద భూమి అంతా ఉంది, కాగితం మీద మాత్రం లేదు.

మీసేవ తమ్ముడు తెర మా వైపు తిప్పి చూపించాడు. మా సర్వే నంబరు మొత్తం విస్తీర్ణం 11 ఎకరాల 20 గుంటలు. దాని కింద బై నంబర్లు (విడదీసిన ముక్కలు) తొమ్మిది. ఆ తొమ్మిదింటి విస్తీర్ణాలు కూడితే ఇప్పటికే 11 ఎకరాల 20 గుంటలు నిండిపోయాయి. "సార్, ఆర్‌ఎస్‌ఆర్ దాటుతది, ఇంక గుంట కూడ ఎక్కదు" అన్నాడు. మా ఎనిమిది గుంటలు మాకు రావాలంటే ఆ తొమ్మిదిలో ఎవరి పుస్తకంలోనో ఎనిమిది గుంటలు తగ్గాలి. ఎక్కువ పడినట్టు కనిపిస్తున్న పట్టాదారు మహారాష్ట్రలోని భివండీలో మగ్గం మీద బతుకుతున్న మా ఊరి మనిషే. పాపం, అతనికీ ఆ సంగతి తెలియదు. అతను దొంగిలించింది లేదు, మేము పోగొట్టుకున్నది లేదు. ఎవరో ఒక అంకె తప్పు కొట్టారు, అంతే. కానీ ఆ తప్పును దిద్దే భారం కొట్టినవారి మీద లేదు, మా రెండు ఇళ్ల మీద పడింది.

ఆర్‌ఎస్‌ఆర్ అన్న మాట కొత్తగా ఈ బురదలో దిగినవారికి అర్థం కాకపోవచ్చు. నిజాం కాలపు సర్వేలో ఒక్కో సర్వే నంబరుకు స్థిరపరచిన విస్తీర్ణం సేత్వార్‌లో ఉంటుంది. సవరణ సెటిల్‌మెంటు తర్వాత అది ఆర్‌ఎస్‌ఆర్ అనే రిజిస్టరులోకి ఎక్కింది. ఆ అంకె పైకప్పు లాంటిది, దాని కింద ఎన్ని పట్టాలున్నా అన్నీ అందులోనే ఇమడాలి. ఆ తర్వాత 1954-55 ఖాస్రా పహాణీలో సాగుదారుల పేర్లు నమోదయ్యాయి. ఈనాటికీ మన దగ్గర భూమి తగాదా వస్తే వకీలు ముందుగా అడిగేది ఖాస్రా నకలే. నడుమ డెబ్బయి ఏళ్లలో అన్నదమ్ముల పంపకాలు, తెల్ల కాగితం మీద రాసుకున్న సాదాబైనామాలు, నోటిమాట అమ్మకాలు ఎన్నో జరిగాయి. నేల మీద గట్లు కదిలాయి, పైకప్పు అంకె కదలలేదు. 2017 ప్రక్షాళనలో చిక్కులేని భూములను ఒక వైపు, వివాదం ఉన్నవాటిని పార్టు-బి పేరుతో మరో వైపు పెట్టారు. ఆ పార్టు-బిలో పడినవారి సంగతి అడగవద్దు. పాసుపుస్తకం లేదు, కాబట్టి పంట రుణం లేదు, రైతుబంధు ఉన్నన్నాళ్లూ అదీ లేదు, అమ్ముకునే దారీ లేదు.

ఇక్కడ ఆర్థికశాస్త్రం ఒక ఉపయోగకరమైన తేడా చూపిస్తుంది. 2024లో నోబెల్ అందుకున్న డారన్ అసిమోగ్లు, సైమన్ జాన్సన్, జేమ్స్ రాబిన్సన్‌లలో మొదటి ఇద్దరూ 2005లో ప్రచురించిన ఒక పరిశోధనలో సంస్థలను రెండుగా విడదీశారు. మనిషికీ మనిషికీ మధ్య ఒప్పందాలను నిలబెట్టేవి ఒక రకం. ప్రభుత్వం నుంచీ, దాని అండ ఉన్న పెద్దల నుంచీ ఆస్తిని కాపాడేవి మరో రకం. మొదటి రకం బలహీనంగా ఉన్నా జనం ఏదో ఒక ప్రత్యామ్నాయం వెతుక్కుంటారు గానీ, రెండోది బలహీనమైతే పెట్టుబడి, వృద్ధి రెండూ దెబ్బతింటాయని వారు తేల్చారు. మన అనుభవమూ దానికి దగ్గరగానే ఉంది. పక్కింటివాడు గట్టు జరిపితే ఊరి పెద్దమనుషులున్నారు, పంచాయితీ ఉంది. కాని ఒక రోజు పొద్దున పోర్టల్ తెరిస్తే మీ సర్వే నంబరు ఎదురుగా నిషేధిత జాబితా అని కనబడితే ఏ పెద్దమనిషి తీరుస్తాడు?

ఈ నిషేధిత జాబితా సంగతి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ సేవలో అన్నింటికన్నా ప్రమాదకరమైన భాగం ఇదే. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్, అసైన్డ్ భూముల అమ్మకాలను ఆపడానికి జాబితా ఉంటుంది. ఉద్దేశం మంచిదే; అది లేకపోతే హనుమకొండ చుట్టుపక్కల చెరువు శిఖాలు (చెరువు గర్భపు భూములు) మిగిలేవి కావు. అయితే ఒక సర్వే నంబరులో రెండెకరాలు ప్రభుత్వ భూమి ఉంటే మిగతా పట్టా భూమి కూడా మొత్తంగా జాబితాలో పడిపోవడం తరచుగా జరిగింది. భూమి మీ దగ్గరే ఉంటుంది, దున్నుకోవచ్చు, కాని అమ్మలేరు, తాకట్టు పెట్టలేరు. నష్టపరిహారం ఊసే లేకుండా ఆస్తి విలువలో పెద్ద భాగం మాయమవుతుంది. 1978 నాటి 44వ రాజ్యాంగ సవరణ ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసివేసినా, చట్ట ప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ లాక్కోరాదని 300-ఎ అధికరణం మిగిల్చింది. కంప్యూటరులో ఒక గుర్తు పెట్టడం లాక్కోవడం కిందికి వస్తుందా రాదా అని వాదించుకోవడానికి రైతు హైకోర్టు దాకా పోవాలి. కంచే చేను మేస్తే అన్న సామెత పుట్టింది ఇలాంటి సందర్భాలకే.

చట్టం ఉండటం, రక్షణ ఉండటం ఒకటి కావని మన ప్రాంతానికి ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. దేవరుప్పుల దగ్గరి కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ తన కొద్దిపాటి భూమి కోసం విసునూరు దేశ్‌ముఖ్ అండ ఉన్నవారితో ఏళ్ల తరబడి కోర్టులో పోరాడి గెలిచాడు. గెలిచాక హత్యకు గురయ్యాడు. నిజాం రాజ్యంలో పట్టా ఉంది, కోర్టు ఉంది, తీర్పు కూడా రైతు పక్షానే వచ్చింది. ఆ తీర్పును ఊళ్లో అమలు చేయగల రాజకీయ బలం మాత్రం రైతు వైపు లేదు. రికార్డు రాసే పటేలు పట్వారీలూ, పోలీసూ దొర గడీ చుట్టూ తిరిగే చోట కాగితం ఎవరిని కాపాడుతుంది? కొన్నేళ్లకే సాయుధ పోరాటం రాజుకోవడానికి వెట్టితో పాటు ఈ భూమి అభద్రత కూడా పెద్ద కారణం.

నేటి కాలంలోనూ రాజకీయమే ముందు నిలిచిన సందర్భం ఒకటి మన కళ్ల ముందే జరిగింది. 2022లో వరంగల్ ఔటర్ రింగు రోడ్డు వెంబడి భూసమీకరణకు ప్రకటన వెలువడినప్పుడు రైతులు రోడ్డెక్కారు, గ్రామసభలు తీర్మానాలు చేశాయి, చివరికి ప్రభుత్వం వెనక్కు తగ్గింది. ఆ భూములను నిలబెట్టింది పాసుపుస్తకం కాదు, ఓటు. 2013 భూసేకరణ చట్టం వచ్చాక పరిహారం మెరుగైన మాట నిజమే: మార్కెట్ విలువ మీద నూరు శాతం సొలేషియం (అదనపు పరిహారం) ఇవ్వాలి. కాని ఆ మార్కెట్ విలువకు ఆధారం రిజిస్టరైన ధరలు. ఏడున్నర శాతం సుంకానికి జడిసి అందరూ దస్తావేజులో తక్కువ ధర రాయించుకుంటారు, తీరా సేకరణ వచ్చినప్పుడు ఆ తక్కువ ధరే మెడకు చుట్టుకుంటుంది. సుంకం ఎక్కువ పెట్టడం వల్ల ప్రభుత్వం తన ఆధారాలను తానే చెడగొట్టుకుంటోందని నా అభిప్రాయం.

ఇంతకీ ఏడున్నర శాతానికి బదులుగా అసలు వాగ్దానం ఏమిటి? 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టరయ్యేది దస్తావేజే, హక్కు కాదు. అమ్మినవారికి నిజంగా హక్కు ఉందా అని ప్రభుత్వం పూచీ పడదు. దక్షిణ ఆస్ట్రేలియాలో 1858లో రాబర్ట్ టోరెన్స్ తెచ్చిన పద్ధతి దీనికి పూర్తిగా వేరు. అక్కడ రిజిస్టరులో ఉన్న పేరే హక్కుదారు, ఆ రిజిస్టరు తప్పు వల్ల నష్టపోయినవారికి పరిహారం ఇచ్చే ఏర్పాటు కూడా ఉంది. మన దగ్గర పూచీ లేదు కాబట్టి కొనేవారే ఆ పని చేసుకోవాలి. పక్క చెలక కొనేటప్పుడు మేము ఈసీ (భూమి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించాము, లింకు డాక్యుమెంట్లు అడిగాము, పాత పహాణీల నకళ్లు పెట్టించాము, వకీలు చేత అభిప్రాయం రాయించాము, అభ్యంతరాలుంటే తెలపండని జిల్లా ఎడిషన్‌లో ప్రకటన వేయించాము. ఇంత చేసి కూడా గుండె మీద చేయి వేసుకుని నిద్రపోయే ధీమా లేదు. ప్రభుత్వం హామీదారు ధర వసూలు చేసి గుమాస్తా పని చేసిపెడుతోందన్నది నా ప్రధాన ఫిర్యాదు.

ఈ లోటుకు మార్కెట్ తన ధర తాను కడుతుంది. పరకాల వైపైనా, హసన్‌పర్తి వైపైనా భూముల బేరగాళ్లు మొదట అడిగేది నీళ్లున్నాయా అని కాదు, క్లియర్ టైటిలేనా అని. పక్కపక్కనే ఒకే నల్లరేగడి ఉన్న రెండు ముక్కల్లో సాదాబైనామా ముక్క ధర బాగా దిగువన పలుకుతుంది. ఆ తేడా మట్టిలో లేదు, కాగితంలో ఉంది. 1980ల్లో థాయిలాండ్‌లో జరిగిన అధ్యయనాలు పట్టా ఉన్న రైతులకు సంస్థాగత రుణం ఎక్కువగా అందుతుందనీ, వారు భూమి మీద ఎక్కువ పెట్టుబడి పెడతారనీ చూపాయి. అయితే పట్టా చేతికి రాగానే బ్యాంకు తలుపులు తెరుచుకుంటాయన్న ఆశను కాస్త తగ్గించుకోవడం మంచిది. బ్యూనస్ ఐరిస్ శివార్లలో పట్టాలు పొందిన పేద కుటుంబాలు ఇళ్లు మెరుగుపరచుకున్నాయి గాని, వారికి అందిన రుణం పెద్దగా పెరగలేదని తేలింది. మా ఊళ్లోనూ పాసుపుస్తకం ఉన్నవారే పత్తి విత్తనానికీ మందులకూ ఎనుమాముల మార్కెట్ అడ్తిదారు దగ్గర చేయి చాపడం చూస్తూనే ఉన్నాము.

ఏజెన్సీ లెక్క వేరు. ములుగు జిల్లాలోని ఏటూరునాగారం వంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో 1/70 నిబంధన వల్ల గిరిజనేతరులకు భూమి బదిలీ చెల్లదు. దానివల్ల అక్కడి భూమికి అమ్మకపు విలువ తగ్గుతుంది, అది తెలిసే పెట్టిన కట్టడి. దాన్ని ఈ సేవ లోపంగా లెక్కించను.

ఇక భూభారతి ధరణి కన్నా నిజంగా మెరుగుపడిన చోటు అప్పీలు. ధరణితో పాటు వచ్చిన 2020 చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తివేసింది. తహసీల్దారు చేసిన తప్పు మీద పైఅధికారికి మొరపెట్టుకునే మామూలు దారి మూసుకుపోయి, చిన్న రైతు సివిల్ కోర్టుకో హైకోర్టుకో పోవాల్సి వచ్చింది. ఎనిమిది గుంటల కోసం సివిల్ దావా వేస్తే ఎనిమిది గుంటల ధర వకీలు ఫీజుకే చాలదు. కాబట్టి తప్పు శాశ్వతమవుతుంది. కొత్త చట్టం తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్డీవోకూ, ఆర్డీవో మీద కలెక్టరుకూ అప్పీలు తిరిగి తెచ్చింది, భూమి ట్రిబ్యునళ్లకు వీలు కల్పించింది. ధరణిలో ముప్పైకి పైగా ఉన్న మాడ్యూళ్లను (దరఖాస్తు విభాగాలను) ఆరుకు కుదించారు. ఏ దరఖాస్తు ఏ మాడ్యూలులో పెట్టాలో తెలియక రైతులు డబ్బు కట్టి తిరస్కరణలు కొనుక్కున్న రోజులు గుర్తున్నవారికి ఇది చిన్న మేలు కాదు. ప్రయోగాత్మకంగా ఎంచుకున్న నాలుగు మండలాల్లో రామప్ప గుడి ఉన్న వెంకటాపూర్ ఒకటి. 2025 జూన్‌లో ఊరూరా జరిగిన రెవెన్యూ సదస్సుల్లో మా ఎనిమిది గుంటల దరఖాస్తు కూడా ఇచ్చాము. మా మండల కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది, భివండీ ఆయన వచ్చి వాంగ్మూలం ఇచ్చిపోయాడు, ఉత్తర్వు ఇంకా రాలేదు. అడిగితే సర్వేయరు ఖాళీ లేడంటారు.

సర్వేయరు కొరతే ఈ సేవకు అసలు ఇరుకు. రిజిస్ట్రేషన్ సమయంలో భూమి పటం జతచేయాలన్నది కొత్త చట్టంలోని అత్యుత్తమ ఆలోచన, ఎందుకంటే మన తగాదాల్లో సగం అంకె ఉండి హద్దు లేకపోవడం వల్ల వచ్చినవే. లైసెన్సు సర్వేయర్లకు శిక్షణ ఇచ్చారు, 2025 సెప్టెంబరులో గ్రామ పాలన అధికారులకు నియామక పత్రాలు అందాయి. కానీ పైకప్పు అంకె నిజాం కాలానిదే అయినప్పుడు ఒక్కో ముక్కకు పటం గీసుకుంటూ పోతే పాత తేడాలు కొత్త గీతల్లో బయటపడతాయి. మొత్తం సర్వే నంబరును ఒకేసారి కొలవకుండా ఒక పట్టాదారు దరఖాస్తు మీద ఒక్క ముక్కనే కొలవడం వల్ల ఖర్చు రైతుకూ, తగాదా ఊరికీ మిగులుతుంది.

మార్కులు వేయమంటే బదిలీ పనికి ఐదుకు నాలుగు, తప్పులు దిద్దే పనికి రెండు, పూచీకి సున్నా. కొనబోయేవారు పోర్టల్‌లో పచ్చగా కనబడిందని సంబరపడకుండా ఆర్‌ఎస్‌ఆర్ మొత్తం, బై నంబర్ల కూడిక, నిషేధిత జాబితా, ఖాస్రా పహాణీ ఈ నాలుగూ ముందే చూసుకోవాలి. విరాసత్ చేయించుకునేవారు తల్లిదండ్రుల పాత పుస్తకాలను పారేయకుండా కొత్తవాటితో గుంటల లెక్క పోల్చుకోవాలి.

ఈ మార్కులన్నీ పట్టాదారుగా వేసినవి. మేము కొన్న చెలకను చాలా ఏళ్లుగా కౌలుకు చేస్తున్న ఆమె కూడా రిజిస్ట్రేషన్ రోజు ఆఫీసుకు వచ్చి బయట చెట్టు కింద కూర్చుంది. ధరణి వచ్చినప్పుడు రికార్డులో సాగు చేసేవారి పేరు రాసే అనుభవదారు కాలమ్ ఎత్తేశారు. కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే 2011 చట్టం ఉన్నా ఆమెకు కార్డు ఎవరూ ఇవ్వలేదు. వచ్చే వానాకాలం కూడా ఆమెకే ఇస్తామని నోటిమాట చెప్పాము, అది రాసిపెట్టమని అడిగితే రాసివ్వడానికి ఆ కౌంటరులో ఏ మాడ్యూలూ లేదు.